మాస్టారి ల్యాప్‌టాప్ బతికే ఉంది

మా వీధి చివరింట్లో ఉండే రిటైర్డు తెలుగు మాస్టారు మొన్న ఆదివారం పొద్దున్నే గుడ్డసంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వచ్చారు. "బాబూ, ఇది పోయిందట. తుక్కు కిందైనా తీసుకుంటారేమో కాస్త కనుక్కుని పెట్టు" అన్నారు. పోయిందని ఎవరన్నారండీ అంటే, బజార్లో షాపతను చెప్పాడన్నారు. ఆన్ కావడానికి పది నిమిషాలు పడుతోందని తీసుకెళ్తే అతను మూత కూడా విప్పలేదట. తొమ్మిదేళ్ల మిషను, దీనిమీద రూపాయి పెట్టినా దండగే, కొత్తవి చూపించమంటారా అన్నాడట. కొడుకు మొదటి జీతంతో కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. సంచి నా చేతికిచ్చాక కూడా ఆయన చెయ్యి దానిమీదే ఉండిపోయింది.

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. వారమైనా చల్లారలేదు. నాడి పట్టి చూడకుండానే పాడె కట్టమనే వైద్యుణ్ణి ఏమంటాం?

భోజనాల బల్లమీద పాత పేపరు పరిచి, స్టీలు గిన్నె పక్కన పెట్టుకుని, పదకొండు మరలు విప్పాను. అడుగు పలక లేపితే ఫ్యాను రెక్కల సందున దుమ్ము ఉన్నిలా అట్టకట్టి కనిపించింది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి, గోటితో గీరితే సున్నంలా రాలింది. గాలాడక లోపలంతా వేడెక్కుతోంది, వేడెక్కి నెమ్మదిస్తోంది. అదీ జబ్బు. బ్రష్షుతో దులిపి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, పాత హార్డ్‌డిస్క్ తీసి ఆ చోట 240 జీబీ ఎస్ఎస్‌డీ బిగించాను. ర్యామ్‌కి రెండో స్లాటు ఖాళీగానే ఉంది. కొన్ననాటి నుంచీ అలాగే ఉండి ఉంటుంది, ఎవరూ విప్పి చూడలేదు గనక ఎవరికీ తెలియలేదు. అందులో ఇంకో 4 జీబీ చేర్చి, లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. సాయంత్రం మాస్టారి ఎదుట పవర్ బటన్ నొక్కితే అర నిమిషంలో తెర వెలిగింది.

హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా, నీకేది ఇష్టమని ఎవరడిగినా నేను మొదటినుంచీ హార్డ్‌వేర్ మనిషినే. వస్తువు కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. చెడిపోతే ఎక్కడ చెడిందో వెతికి పట్టుకోవచ్చు. కొనుక్కున్నాక అది మనది. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టినా చాలాసార్లు మన చేతికి వచ్చేది వాడుకోవడానికి అనుమతే. ఆ అనుమతి ఎన్నాళ్లో, ఏ షరతుల మీదో మనం చదవకుండా ఒప్పుకున్న కాగితంలో ఉంటుంది. అందుకే కంప్యూటర్ కొంటామని సలహా అడిగిన వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. మంచి కీబోర్డు చూసుకోండి, ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో అడగండి, బ్యాటరీ ఊడివస్తుందో లేదో చూడండి. మిగతావాటి గురించి తర్వాత ఆలోచించవచ్చు. ర్యామ్‌ని మదర్‌బోర్డుకే అతికించేసి అమ్ముతున్న పల్చటి మిషన్లు ఎంత అందంగా ఉన్నా నేను ఎవరినీ కొననివ్వను.

మన ఊళ్లలో ఈ ఇష్టానికి మర్యాద లేదు. సాఫ్ట్‌వేర్ అంటే ఉద్యోగం, సాఫ్ట్‌వేర్ అంటే సంబంధం. పెళ్లిచూపుల్లో ఆ ఒక్క మాట పడితే మిగతా ప్రశ్నలు తగ్గిపోతాయి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు గోడ కనిపించకుండా వేలాడుతుంటాయి. అదే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకి వెళ్లండి. భూతద్దం కింద మదర్‌బోర్డు పెట్టుకుని, ఆవగింజంత కెపాసిటర్‌ని టంకం వేసి మార్చే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎంతమంది చదువు మధ్యలో ఆపి, గురువు పక్కన కూర్చుని ఆ విద్య పట్టారో! వాళ్లను మనం ఇంజినీర్లు అనం, రిపేరు కుర్రాళ్లు అంటాం. ఆ చేతుల విలువ మనకు తెలిసి ఉంటే మాస్టారి ల్యాప్‌టాప్ నా బల్లమీదికి వచ్చేది కాదు.

సాఫ్ట్‌వేర్ చెప్పిందే వేదమైతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరందో ఆపైదో అయ్యుండాలి. భద్రత ముఖ్యమే, కాదనను. కానీ నిన్నటిదాకా లెక్కలు రాసి, ఉత్తరాలు కొట్టి, సినిమాలు చూపించిన యంత్రం ఒక తేదీ దాటగానే పనికిమాలినదెలా అవుతుంది? ఈ మార్పుతో సుమారు 24 కోట్ల కంప్యూటర్లు తుక్కులో చేరవచ్చని కెనాలిస్ అనే పరిశీలన సంస్థ 2023లోనే అంచనా కట్టింది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే. మిగిలినదాంట్లో ఎంత సీసం, ఎంత పాదరసం ఏ చెరువులో కలుస్తోందో ఎవరు చూడొచ్చారు?

ఇంతవరకూ మాస్టారి మిషను సంగతి. నా అసలు బాధ ఆ సాయంత్రం తర్వాతే మొదలైంది. ల్యాప్‌టాప్ తెరిచి ఆయన అడిగిన మొదటి మాట: "ఇందులో తెలుగు ఎక్కడుంది బాబూ?"

సెట్టింగుల్లో ఉంది. కీబోర్డు మీద లేదు. 2011 లెక్కల ప్రకారమే 8 కోట్ల మందికి పైగా మాట్లాడే భాష మనది. మన రెండు రాష్ట్రాల్లో ఏ కంప్యూటర్ షాపుకైనా వెళ్లి తెలుగు అక్షరాలున్న కీబోర్డు ఇమ్మనండి. ఎగాదిగా చూస్తారు. నేను అడిగిన చోటల్లా అదే చూపు. నలభై ఏళ్ల కింద ఈ దేశంలో మన లిపుల కోసం పని ఎలా జరిగిందో తెలిస్తే ఇంకా బాధేస్తుంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై ప్రభుత్వ సంస్థ సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ కార్డు అని ఒకటుండేది. దాన్ని కంప్యూటర్ స్లాటులో గుచ్చితే, డాస్ తెరమీద మన లిపులు వచ్చేవి. భాషనే ఒక పలకగా చేసి యంత్రంలో బిగించారన్నమాట! 1986లోనే భారతీయ భాషలకు ఒకే మీటల అమరికగా ఇన్‌స్క్రిప్ట్ వచ్చింది. అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. అంత ఆలోచించి చేసిన అమరికను మీటల మీద అచ్చు వేయించి షాపు షాపుకూ చేర్చే ఓపిక మాత్రం ఇన్నేళ్లలో మనకు లేకపోయింది.

అందుకే మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో తలుచుకుని కొడతారు. అలా కొట్టినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే లేఖిని లాంటి పరికరాలు చేసిన మేలు చిన్నది కాదు, చాలామందిని తెలుగులో రాయించింది అవే. అయినా ఏ మాటకైనా ముందు పరాయి లిపిలో రూపు కట్టి తర్వాత మన లిపిలోకి దించుకోవడం అలవాటైతే ళకారం, ణకారం వేళ్లలోంచి జారిపోతాయి. ఇప్పటికే జారుతున్నాయి. డీటీపీ ఫాంట్లలో కొట్టిన మన పాత పుస్తకాలు మరో మిషన్లో తెరిస్తే పిచ్చిగీతలై కనిపించడం ఇంకో శోకం. యూనికోడ్‌లోకి మార్చుకుందామని ఒక్కో ప్రచురణకర్తను బతిమాలుతూనే ఉన్నాను.

2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చాకగానీ సర్దుకోలేదు. అంత ఖరీదైన హార్డ్‌వేర్‌లో లోపమేమీ లేదు. ఆ అక్షరాన్ని తెరమీద పేర్చాల్సిన సాఫ్ట్‌వేర్‌ని, తెలుగు రాసే మనిషి చేతికిచ్చి సరిగా పరీక్షించి ఉంటే ఆ తప్పు బయటకు వచ్చేది కాదని నా నమ్మకం. ఆ కంపెనీ వాళ్లను ఒక్కమాట అనే ముందు, మన భాష కీబోర్డు మన షాపుల్లోనే నాకు దొరకలేదన్న సంగతి నాకు గుర్తొస్తుంది.

మంగళవారం రాత్రి పారదర్శకంగా ఉండే అంటుకాగితం మీద అక్షరాలు అచ్చు తీసి, కత్తిరించి, మీట మీటకూ అతికించాను. మర్నాడు మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ త, ఎత్వం, ల, ఉకారం, గ, ఉకారం నొక్కారు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. తెరమీద "తెలుగు" అని వచ్చింది. ఆయన దాన్ని చెరిపి మళ్లీ కొట్టారు. మూడోసారి మీటల వైపు చూడలేదు.

బ్యాటరీ గంటకు మించి రావడం లేదన్నారు. ఆ మోడల్‌కి సరిపోయేది సీటీసీలో ఒకచోట ఉందని కబురొచ్చింది. శనివారం వెళ్లాలి.