వేరే గ్లాసులో చాయ్ తాగని గొంతు

గ్రేస్ బంబ్రీ పేరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మాట అంటారు: "ఖాబిలియత్ ఉంటే ఎవరూ ఆపలేరు, కావాలంటే ఆమెని చూడండి." అచ్ఛా, చూద్దాం. ఆమె జిందగీలో ఈ మాటకి నాకైతే సబూత్ దొరకలేదు. దొరికిందంతా ఉల్టా సబూతే.

ఆమె ఎవరో తెలియని దోస్తుల కోసం ముందు నాలుగు మాటలు. 1937లో అమెరికాలోని సెయింట్ లూయీ షహర్లో ఒక నల్లజాతి ఇంట్లో పుట్టింది. నాన్నది రైల్వే సరుకుల దగ్గర కొలువు, అమ్మ టీచర్. యూరప్ ఒపేరాలో ఆడవాళ్ళ గొంతుల్ని స్థూలంగా మూడు రకాలు చేస్తారు. పైన సొప్రానో, అడుగున కాంట్రాల్టో, నడుమ మెజ్జో-సొప్రానో. మెజ్జోది కాస్త ముదురు రంగు గొంతు. మంద్రంలో బరువూ కావాలి, పైకి వెళ్ళినప్పుడు మెరుపూ కావాలి. హీరో ఇష్ఖ్‌లో పడే నాయిక వేషం ఎక్కువగా సొప్రానోకే పోతుంది. మెజ్జోకి మిగిలేవి రఖీబ్, మంత్రగత్తె, తల్లి వేషాలు. బంబ్రీ ఆ నడిమి గొంతుతోనే దునియాకి తెలిసింది.

ఆమె చదివిన సమ్నర్ హైస్కూల్ నల్ల పిల్లల బడి. అక్కడి ఉస్తాద్ కెన్నెత్ బిలప్స్ ప్రోత్సాహంతో 17 ఏళ్ళ వయసులో ఒక రేడియో పోటీకి వెళ్ళి గెలిచింది. ఇనామ్‌లో ఒక భాగం సెయింట్ లూయీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకోవడానికి స్కాలర్‌షిప్. ఆ ఇన్‌స్టిట్యూట్ నల్ల పిల్లని చేర్చుకోనంది. కావాలంటే విడిగా కూర్చోబెట్టి పాఠాలు చెప్తామంది. బంబ్రీ ఇంటివాళ్ళు అక్కర్లేదన్నారు.

నాకు ఆమె మొత్తం దాస్తాన్‌లో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. ఇలాంటప్పుడు మన బుజుర్గులు ఏమంటారు? "దొరికింది తీసుకో బేటా, ముందు చదువు కానీ, గొడవెందుకు?" ఆ సలహాలో ప్యార్ ఉంటుంది, భయం కూడా ఉంటుంది. నేను దాన్ని తప్పు పట్టను. కానీ వేరే గ్లాసులో పోసిన చాయ్ ఎంత తియ్యగా ఉన్నా జిల్లత్ జిల్లతే. పోటీలో గెలుచుకున్న సీటు ఆ పిల్ల హక్. విడి గదిలో చెప్పే పాఠం ఖైరాత్. హక్‌ని ఖైరాత్‌గా మార్చి చేతిలో పెట్టేవాడు పైగా మన నుంచి షుక్రియా కూడా ఆశిస్తాడు. అమెరికా సుప్రీం కోర్టు బడుల్లో "వేరుగా ఉంచినా సమానమే" అన్న వాదాన్ని కొట్టేసింది 1954లో. చదువుకున్న జడ్జీలు తీర్పు రాసి చెప్పాల్సి వచ్చిన సంగతి ఆ ఇంటికి ముందే తెలుసు.

సిగ్గుపడిన పోటీ నిర్వాహకులు ఆమెని ఆర్థర్ గాడ్‌ఫ్రే టాలెంట్ షోకి పంపారు. అక్కడ వెర్డీ "డాన్ కార్లో" నుంచి ఎబోలి పాట పాడింది. తర్వాత బోస్టన్, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలు. ఆ పైన నాజీల జమానాలో యూరప్ వదిలి వచ్చిన మహా గాయని లొట్టే లేమన్ దగ్గర షాగిర్దీ. 1960లో పారిస్ ఒపేరాలో "ఐడా"లో ఆమ్నెరిస్‌గా తొలిసారి వేదిక ఎక్కింది.

1961లో బైరాయిట్. వాగ్నర్ తన ఒపేరాల కోసం కట్టించుకున్న రంగస్థలం అది. యూదుల మీద నఫ్రత్ రాతలు రాసిన వాగ్నర్‌ది, హిట్లర్ మెహ్మాన్‌గా వచ్చి కూర్చున్న చోటు. అలాంటి చోట వాగ్నర్ మనవడు వీలాండ్ "టాన్‌హాయిజర్"లో వీనస్ వేషానికి బంబ్రీని పిలిచాడు. సౌందర్య దేవత నల్లగా ఉండడమేంటని నిరసన ఉత్తరాలు వచ్చాయి. ఆమె పాడింది. చప్పట్లు అరగంట ఆగలేదు, 42 సార్లు తెర ముందుకు రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది వైట్ హౌస్ పిలిచి పాడించింది. 1965లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో అడుగుపెట్టిన వేషం, టీవీలో పాడిన ఆ ఎబోలియే. సొంత ముల్క్‌లోని పెద్ద దర్వాజా తెరుచుకోవడానికి ముందు పరాయి ముల్క్ మొహర్ కావాల్సి వచ్చిందన్నమాట!

గొంతుకీ ఒక ఖానా గీసి అందులోనే ఉండమంటారు. 1970లో లండన్‌లో సలోమే, 1971లో మెట్‌లో టోస్కా పాడి ఆమె సొప్రానో వేషాల్లోకి వెళ్ళింది. అంత మంచి మెజ్జో గొంతుని పాడుచేసుకుంటోందని కొందరు విమర్శకులు గొణిగారు. ఆమె వినలేదు. "ఐడా"లో రాజకుమారి ఆమ్నెరిస్‌నీ పాడింది, బానిస ఐడానీ పాడింది. ఆ ఫైసలా సంగీతపరంగా సరైనదేనా అని బహస్ చేసుకోవచ్చు. ఎక్కడ నిలబడాలో తేల్చుకునే ఇఖ్తియార్ మాత్రం ఆమెది.

ఇప్పుడు మొదటి మాటకి వద్దాం. "ఖాబిలియత్‌ని ఎవరూ ఆపలేరు." ఈ దాస్తాన్‌లో ఏమేం కలిసొచ్చాయో లెక్క వేయండి. బిలప్స్ లాంటి ఉస్తాద్, సిగ్గుపడే తీరు ఉన్న రేడియో వాళ్ళు, ఒక టీవీ షో, లేమన్, సముద్రం అవతల వీలాండ్. ఇన్ని గొలుసు కట్టాక గానీ ఒక గొంతు బయటికి రాలేదు. ఇందులో ఒక్క లంకె తెగి ఉంటే? అదే సమ్నర్ బడిలో, అలాంటి బడులు వందల్లో, లంకె తెగిన పిల్లలు ఎంతమందో! వాళ్ళ గొంతులు రికార్డుల్లో లేవు కాబట్టి వాళ్ళు లేరనుకుంటాం. దర్వాజా మూసినవాడికి ఈ లెక్క బాగా పనికొస్తుంది. గెలిచిన ఒక్కరిని చూపించి, మిగతావాళ్ళకి మెహనత్ చాలలేదని చెప్పేయొచ్చు.

బంబ్రీ 2023 మే 7న 86 ఏళ్ళ వయసులో వియన్నాలో చనిపోయింది. ఆమె పాట వినండి, తప్పకుండా వినండి. విన్నాక మాత్రం పిల్లలకి "చూశావా, గోడ ఎక్కొచ్చు" అని నసీహత్ చేయకండి. ఆ పాటకి మనం బాకీ పడ్డది గోడ కట్టినవాళ్ళని అడగాల్సిన సవాల్. ఆ సవాల్ ఒక ఇల్లు ఎప్పుడో అడిగింది, విడి గదిలో పాఠం అక్కర్లేదని చెప్పి.