డాలర్ పెరిగిందని మిర్చి ఆపుకోవచ్చా?

రూపాయి పడితే ఎగుమతి సరుకుకు ధర వస్తుందని గుంటూరు యార్డులో తరచూ వింటుంటాం. ఆ ఒక్క మాట నమ్మి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు ఆపుకోకండి.

అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2022 మార్చి నుంచి 2023 జులై వరకు వడ్డీని సున్నా దగ్గర్నుంచి 5.25-5.50 శాతానికి పెంచింది. పెట్టుబడులు అటు మళ్లాయి. 2022 మొదట్లో 75 రూపాయల దగ్గరున్న డాలర్ 2025 ఫిబ్రవరికి 86 దాటింది. మరి మిర్చి? సరిగ్గా అదే నెలలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది.

డాలర్ బిగిస్తే మన సరుకు కొనే దేశాలకూ దెబ్బే. 2022లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. బంగ్లాదేశ్ దిగుమతిదారులకు డాలర్లు దొరకడమే కష్టమైంది. ఆ ఏడాది మిర్చి ధర నిలబడిందంటే, నల్ల తామరపురుగు పంటను దెబ్బతీసి సరుకు తగ్గడం పెద్ద కారణం.

ప్రకాశం పత్తి రైతులు న్యూయార్క్ ధర కూడా గమనించాలి: 2022 మేలో పౌను 150 సెంట్లు దాటిన దూది అక్టోబరు చివరికి 80 లోపుకు దిగింది. ఖర్చు వైపు మాత్రం డాలర్ గురి తప్పదు, పొటాష్ మనకు దిగుమతే కదా!

సరుకు ఆపాలనుకుంటే అప్పు మీద వడ్డీ, స్టోరేజీ అద్దె, తూకంలో తరుగు కలిపి క్వింటాలుకు నెలకు ఎంతో ముందు లెక్కేయండి. ఎగుమతి వ్యాపారిని డాలర్ రేటు అడగొద్దు, పాత సరుకు డబ్బు వచ్చిందా అని అడగండి.