రక్తపరీక్ష చీటీపై మలేరియా జాతి పేరు ఉండాలి

వానలు వెనుకపట్టే రోజులలో ఢిల్లీలోని రైల్వే క్వార్టర్లలోను, తపాలా కాలనీలలోను జ్వరాలు ఏటేటా తప్పడం లేదు. డెంగీ భయంతో అందరూ ప్లేట్‌లెట్ల లెక్క చూసుకొంటారు. మలేరియా సంగతి ఆ తరువాతి మాట. ఆ మలేరియాలోనూ అరుదైన రకం సోకిన ఉద్యోగి గతి ఏమిటన్నదే మేము ఇక్కడ ప్రస్తావించదలచిన విషయం.

మనదేశంలో మలేరియా అంటే దాదాపుగా వైవాక్స్, ఫాల్సిపేరం అనే రెండు జాతులే. ఒవేల్, మలేరియే అనే మరి రెండు అరుదు. అరుదన్నంత మాత్రాన లేనివి కావు. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఒవేల్ ఉన్నట్లు 1989లోనే పరిశోధకులు ప్రకటించారు. కొత్తవలస–కిరండూల్ లైను ఆ జిల్లా గుండానే పోతున్నది. ఆ లైనుపై మన తెలుగు కార్మికులు ఏళ్ల తరబడి చెమటోడ్చుతున్నారు. 2020 డిసెంబరులో సూడాన్ నుండి తిరిగివచ్చిన ఒక సైనికునికి కేరళలోని కన్నూరులో ఇదే జాతి బయటపడింది.

ఒవేల్ క్రిమి కాలేయంలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, మళ్ళీ రక్తంలోకి దిగుతుంది. కోరాపుట్ అడవిలో పట్టాల మీద కుట్టిన దోమ ఫలితం, బదిలీపై వచ్చిన ఏడాదికి తుగ్లకాబాదులో బయటపడవచ్చును. అప్పుడు వైద్యుడు ఈ వారంలో ఎక్కడికి వెళ్ళావని అడుగుతాడే గాని, ఇదివరలో ఎక్కడ పనిచేశావని అడగడు.

నిమిషాలలో ఫలితం చెప్పే కిట్లు ముఖ్యంగా ఆ రెండు పెద్ద జాతులను పట్టుకొనడానికి తయారైనవి. తక్కినవి వాటికి చిక్కకపోవచ్చు. కనుక కిట్‌పై గీత రాలేదని జ్వరపీడితుని ఇంటికి పంపరాదు. గాజుపలకపై రక్తం పూసి సూక్ష్మదర్శినితో చూడాలి. అక్కడ కూడా ఒవేల్ వైవాక్స్‌ను పోలి ఉంటుంది, నిర్ధారణకు పి.సి.ఆర్. పరీక్ష కావాలి. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో క్రిమిని చూసినది ఓపికతో, సూక్ష్మదర్శినితోనే. కేసులు తగ్గినకొద్దీ పలక చదవగల కన్ను కూడా కరువవుతున్నది. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులను ఖాళీగా ఉంచే పొదుపు ఏపాటి పొదుపో యాజమాన్యమే చెప్పాలి.

మందు మాత్రం అరుదైనది కాదు. రక్తంలోని క్రిమికి మూడు రోజుల క్లోరోక్విన్. ఒవేల్ అయితే కాలేయంలో దాగినదానికి 14 రోజుల ప్రైమాక్విన్. జి6పి.డి. లోపం ఉన్నవారిలో ఈ రెండవ మందు ఎర్రరక్తకణాలను చిట్లింపగలదు, గర్భిణులకు ఇవ్వరాదు. పరీక్ష చేయించి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. మలేరియే జాతికి కాలేయంలో దాగే దశ లేదు గనుక ప్రైమాక్విన్ అక్కరలేదు. కాని చికిత్స లేనిచో అది ఏళ్ల తరబడి రక్తంలో నిలిచి మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

ఆ మధ్య ఒక కీమన్ మా కార్యాలయానికి మూడు చీటీలు తెచ్చాడు. మూడింటిపైనా ‘మలేరియా’ అన్న ఒక్క మాటే; ఏ జాతియో రాయలేదు. జ్వరం దిగిన మరునాడే ఫిట్ సర్టిఫికేట్ చేతబెట్టారు. మందు కోర్సు ముగిసినదా అని అడిగిన నాథుడు లేడు. పద్నాలుగు రోజుల మందు రాసి నాలుగవ రోజున పట్టాల మీదికి పంపడం వైద్యమా?

జాతీయ మలేరియా పరిశోధన సంస్థ ఈ నగరంలోనే, ద్వారకలో ఉన్నది. 1977లో మలేరియా పరిశోధన కేంద్రంగా ఆరంభమైన సంస్థ అది. అయితే అది పరిశోధనా సంస్థ. రోగి తనంతట తాను ఆ గడప తొక్కి లాభం లేదు. రైల్వే ఆసుపత్రి గాని, వెల్‌నెస్ సెంటరని పేరు మార్చుకొన్న సి.జి.హెచ్.ఎస్. డిస్పెన్సరీ గాని, సందేహం కలిగిన రక్తపు నమూనాను ఉత్తరం జతచేసి అక్కడికో, పి.సి.ఆర్. వసతి గల మరో ప్రభుత్వ ప్రయోగశాలకో పంపాలి. ఎవరు పంపాలి, ఎన్ని రోజులలో జవాబు రావాలి అన్నది లిఖితపూర్వకమైన ఆదేశంగా వెలువడాలన్నది మా డిమాండు. ప్రైమాక్విన్ కోర్సు ముగిసేవరకు సిక్ లీవు కోత లేకుండా ఇవ్వాలి. కాంట్రాక్టు ట్రాక్ కార్మికులకు, గ్రామీణ డాక్ సేవకులకు కూడా ఇదే పరీక్ష, ఇదే మందు అందాలి; దోమ మస్టర్ రోలు చూసి కుట్టదు.

శాఖా కార్యదర్శులు తమ పరిధిలో తిరగబెట్టిన మలేరియా జ్వరాల వివరాలను, రోగి మునుపు పనిచేసిన స్టేషన్ల పేర్లతో సహా, వచ్చే కార్యవర్గ సమావేశం నాటికి మాకు పంపవలెను. రోగుల పేర్లు అక్కరలేదు.