లేదన్న మాట రాసివ్వాలి
సర్కారు దవాఖానల రోగులు, సహాయకుల ప్రణాళిక

మేము సర్కారు దవాఖానను నమ్ముకున్నవాళ్లం. కూలికి పోయేవాళ్లం, ఆటో నడిపేవాళ్లం, నాలుగిళ్లలో పాచిపని చేసేవాళ్లం. ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుని, ఉన్న అర ఎకరం అమ్ముకుని, చివరికి ఇక్కడికే వచ్చినవాళ్లం. మాలో రోగులున్నారు. రోగి మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని నిద్రపోయే తల్లులు, అన్నలు, భార్యలు ఉన్నారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉన్నాం. ఈ దవాఖానలు బాగుపడాలన్నదే మా కోరిక. వీటిని ప్రైవేటుకు అప్పజెప్పే ఏ ఆలోచనకూ మేము ఒప్పుకోం. సర్కారు వైద్యం మీద రోగి పెట్టే మొరను కార్పొరేట్ ఆసుపత్రులు తమ ప్రచారానికి వాడుకుంటున్నాయి గనుక ఈ మాట ముందుగా చెబుతున్నాం.

మేము నిలబడేది ఒక్క సూత్రం మీద. దవాఖానలో రోగికి ఏది కాదన్నా, అది మందు కావచ్చు, మంచం కావచ్చు, స్కానింగ్ కావచ్చు, ఆపరేషన్ తేదీ కావచ్చు, కాదన్న సంగతి కాగితం మీద రాసివ్వాలి. ఏది లేదు, ఎందుకు లేదు, ఎప్పటికి వస్తుంది, అప్పటిదాకా రోగి ఎక్కడికి పోవాలి, ఈ మాట చెప్పిందెవరు. ఇంతే. కింద సంతకం, తేదీ, ముద్ర. దీన్ని మేము లేదన్న చీటీ అంటున్నాం.

ఇది ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే ఏ పెద్దాసుపత్రిలోనైనా మందుల కౌంటరు దగ్గర కాసేపు నిలబడండి. డాక్టరు ఐదు మందులు రాస్తారు. వంతు వచ్చేసరికి కౌంటరు మూసే వేళవుతుంది. కిటికీ అవతల ఉన్నవారు చీటీ తీసుకుని, ఉన్న రెండింటికి టిక్కు పెట్టి, మిగతా మూడింటికి పెన్నుతో సున్నా చుట్టి, బయట తెచ్చుకోమంటారు. గేటు ఎదురుగా వరసగా మెడికల్ షాపులుంటాయి. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి అక్కడ ఇంకో రెండు రోజుల కూలి పెట్టి మందు కొంటాడు. లేదా నెలకు రాసింది వారానికి సరిపడా కొంటాడు. లేదా చీటీ మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు. షుగరు మందు మధ్యలో ఆగినవాడు కాలి పుండుతో, బీపీ మాత్ర ఆగినామె పక్షవాతంతో మళ్లీ ఇదే గేటులోంచి లోపలికొస్తారు. ఆ మూడు సున్నాలు మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కవు. ఇచ్చిన మందుకు ఎంట్రీ ఉంటుంది, ఇవ్వని మందుకు ఉండదు. మందుల కొరత లేదని పైనుంచి ప్రకటన వస్తే, కాదు ఉంది అని చూపించడానికి మా చేతిలో ఏమీ మిగలదు.

కొరతను లెక్కగట్టడం అసాధ్యమేమీ కాదు. తమిళనాడు 1994లోనే మందుల కొనుగోలుకు ప్రత్యేక కార్పొరేషన్ పెట్టుకుని, ఏ ఆసుపత్రికి ఎంత విలువైన మందులు రావాలో, ఎంత వచ్చాయో పాస్‌బుక్కులో రాసే పద్ధతి తెచ్చింది. ఆసుపత్రి చేతికి పాస్‌బుక్కు ఇవ్వగలిగినప్పుడు రోగి చేతికి ఒక చీటీ ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు.

మందు లేదనడం కన్నా ప్రమాదమైనది రోగిని వేరే ఆసుపత్రికి పంపించేయడం. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దేశం పెట్టుకున్న ప్రమాణం. భవనాలు చాలాచోట్ల ఉన్నాయి. రాత్రి తొమ్మిదికి నొప్పులతో వచ్చిన గర్భిణిని చూసే మనిషి ఉండడు. పై ఆసుపత్రికి వెళ్లమంటారు. అక్కడ మత్తు డాక్టరు లేడని జిల్లాకు, జిల్లాలో మంచం లేదని హైదరాబాదుకో విశాఖకో పంపుతారు. పాడేరు కొండల్లో డోలీ మీద మోసుకొచ్చిన తల్లికి కూడా ఇదే దారి. ఏ ఊళ్లో ఎంత సమయం పోయిందో, ఎవరు ఏ కారణంతో ముందుకు తోశారో ఎక్కడా రాసి ఉండదు. చివరి ఆసుపత్రిలో ప్రాణం పోతే ఆలస్యంగా తెచ్చారని కేస్ షీటులో రాస్తారు. ఆ ఆలస్యం కుటుంబం నెత్తిన పడుతుంది.

దీని మీద సుప్రీంకోర్టు ఎప్పుడో తీర్పు చెప్పింది. 1992 జులైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, సర్కారు ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదనో సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు పెట్టి బతికాడు. అతని కూలీల సంఘం కోర్టుకెక్కింది. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బు లేదన్న సాకు చెల్లదని 1996లో కోర్టు తేల్చింది. 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఒక కూలీల సంఘం గెలిచి పెట్టిన హక్కు ఇది. మాకు దయ అక్కర్లేదు, ఈ తీర్పు అమలైతే చాలు.

మా దవాఖానల్లో మనుషులు చచ్చిపోయాకే కాగితాలు కదులుతున్నాయి. 2015 ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రిలో పసికందును ఎలుకలు కొరికాయి, బిడ్డ దక్కలేదు. 2022లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఐసీయూలో మళ్లీ ఎలుకలే ఒక రోగిని కొరికాయి. ఎలుకలు ఒక్క రాత్రిలో పుట్టుకు రావు. అంతకు ముందే వాటిని చూసిన రోగులు, ఆయమ్మలు, నర్సులు ఉండే ఉంటారు. వాళ్ల మాట రాసుకునే పుస్తకం వార్డులో ఉండాలి, దాన్ని రోజూ చదివి సంతకం పెట్టే అధికారి ఉండాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారులే ఒప్పుకున్నారు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ప్రతిసారీ విచారణ వేశారు. విచారణ నివేదికలన్నీ ఆ దవాఖాన నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలని, చెప్పిన దిద్దుబాట్లలో ఏది జరిగిందో ఆరు నెలలకోసారి చెప్పాలని మేము కోరుతున్నాం.

ఇక డబ్బు గుంజే సంగతి. స్ట్రెచరు తోయడానికి, కట్టు మార్చడానికి, పుట్టిన బిడ్డను చూపించడానికి చెయ్యి చాపుతారు. మగబిడ్డకు ఒక రేటు, ఆడబిడ్డకు ఒక రేటు. ఇది మమ్మల్ని కుంగదీసే అవమానం. కానీ చెయ్యి చాపేవాళ్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల కింద, నెలల తరబడి జీతం అందకుండా పనిచేసేవాళ్లే. ఆ ఏజెన్సీని వదిలేసి ఆయమ్మను సస్పెండ్ చేస్తే లంచం పోదు. వాళ్ల జీతం ఒకటో తారీఖున పడాలన్నది మా డిమాండ్లలో భాగం. అంబులెన్సు దందా వేరు. 2022 ఏప్రిల్‌లో రుయా నుంచి ఒక తండ్రి పదేళ్ల కొడుకు శవాన్ని మోటారు సైకిలు మీద సొంతూరికి తీసుకుపోయాడు. అక్కడి అంబులెన్సులవాళ్లు అడిగినంత అతను ఇచ్చుకోలేకపోయాడు, బయటి నుంచి వచ్చిన బండిని వాళ్లు రానివ్వలేదు. శవవాహనం పగలూ రాత్రీ ఉచితంగా ఉండాలి. ఇందులో చర్చకు తావు లేదు.

డాక్టర్లతో మాకు తగవు లేదు. ముప్పై గంటలు నిద్ర లేకుండా డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరూ, ఒక్కతే వార్డు మొత్తాన్ని చూసుకునే నర్సూ మాలాగే ఈ కొరతలో నలిగిపోతున్నారు. ఖాళీలు నింపాలని జూనియర్ డాక్టర్లు సమ్మె చేస్తే మేము వాళ్ల పక్కన కూర్చుంటాం. ఎంత దుఃఖంలో ఉన్నా డాక్టరు మీద, నర్సు మీద చెయ్యెత్తం; ఎత్తినవాళ్లను మావాళ్లనం. బదులుగా అడిగేవి రెండే. మమ్మల్ని ఏకవచనంలో పిలవొద్దు, రోగమేమిటో మాకు అర్థమయ్యే తెలుగులో రెండు నిమిషాలు చెప్పండి.

ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఎందరినో బతికించింది, ఆ మేలు మరిచిపోం. కానీ అది ఆసుపత్రిలో చేరిన రోగానికే. రోజూ మింగే మాత్రకూ, ఓపీ క్యూకూ అది పనికిరాదు. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలు ఆపిన ప్రతిసారీ జనం తిరిగి సర్కారు గేటు దగ్గరికే వచ్చారు. 2025 నాటికి ప్రభుత్వాలు వైద్యం మీద పెట్టే ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. గడువు దాటింది, మాట నిలబడలేదు. దీనికి ఎమ్మెల్యేలు, ఎంపీలు మా ఊరి సభల్లో నిలబడి జవాబు చెప్పాలి.

ప్రతి ఆసుపత్రికీ అభివృద్ధి సంఘం ఉంది. అందులో రోగుల తరఫున కనీసం ముగ్గురు ఉండాలి, వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు కావాలి. ఆ నెలలో ఇచ్చిన లేదన్న చీటీలన్నీ ఆ సమావేశంలో చదవాలి. చీటీ ఇవ్వని కౌంటరుకు మెమో ఇవ్వాలి.

చదువుతున్న మీకు మా విన్నపం. ప్రభుత్వం ఒప్పుకునే దాకా ఆగకండి. ఈసారి దవాఖానకు పోయినప్పుడు లేదన్న ప్రతిదాన్నీ ఓపీ చీటీ వెనక రాసివ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే మీరే రాసుకోండి: తేదీ, సమయం, కౌంటరు, ఏది లేదన్నారు, బయట ఎంత పెట్టి కొన్నారు. రాయడం రాని పక్కవాళ్లకు మీరు రాసిపెట్టండి. దాన్ని ఫొటో తీసి సూపరింటెండెంటు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. రసీదు ఇచ్చే దాకా అక్కడి నుంచి కదలకండి.