మత్తడి ఏ శాఖది?

వాన వెలిసి రెండు రోజులు గడిచిన తరువాత కూడా ఇంట్లో మోకాలి లోతు నీరు నిలిచి ఉంటే, ఆ నీరు ఎక్కడిదని అడిగే హక్కు ఆ ఇంటివారికి ఉన్నది. 2020 అక్టోబరులో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కోదండరాంనగర్, సీసలబస్తీ, కమలానగర్ వీధులలో పడవలు తిరిగినపుడు మేమూ అదే అడిగాము. కనీవినీ ఎరుగని వాన అన్నారు. వాన మాట నిజమే. ఆ నెల 13, 14 తేదీల నడుమ ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు కురిసింది. కాని మా ఇళ్లలో నిలిచినది మా నెత్తిన కురిసిన వాన ఒక్కటే కాదు. ఎగువన మీర్‌పేట, జిల్లెలగూడ, బడంగ్‌పేట చెరువులు నిండి మత్తడి దుంకితే ఆ నీరు సరూర్‌నగర్ చెరువుకు చేరుతుంది. అదీ నిండితే చైతన్యపురి మీదుగా మూసీకి పోవాలి. దారి చాలక ఇళ్లలోకి వచ్చింది.

ఆనాడు ఎగువ చెరువులు 2019లో ఏర్పడిన రెండు నగర పాలక సంస్థల పరిధిలో, దిగువ చెరువు మహానగర పాలక సంస్థ పరిధిలో ఉండేవి. ఎగువ నుండి నీరు వదిలేవారి ఓటర్ల జాబితాలో దిగువ వీధి లేదు. దిగువ వీధి ఎన్నుకున్న వారికి ఎగువ తూముపై అధికారం లేదు.

మేము ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేసినవారము. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అనే వాక్యం ఎన్ని వేలసార్లు మా చేతితో రాసి ఉంటామో! ఆ ఏడాది మసీదు కమిటీ వారితో, కాలనీ పెద్దలతో కలిసి అర్జీ పట్టుకుని తిరిగినపుడు అదే వాక్యం మాకు ఎదురైనది. ఒక కార్యాలయంలో నాలా మాది, చెరువు మాది కాదన్నారు. మరొక చోట చెరువు మాదే, అందులో కలిసే మురుగు మాది కాదన్నారు. మూడవ చోట అది వేరే పురపాలిక నీరు అన్నారు. నాలుగు నెలల తరువాత అర్జీ మొదటి బల్ల మీదికే తిరిగి వచ్చింది. గుమాస్తాను తప్పుపట్టి లాభం లేదు. నీటిని ముక్కలుగా కోసి బల్లలకు పంచినవారినే నిలదీయాలి.

విలీనం జరిగినపుడు అంతా ఒకే నగరం కదా అనే సమాధానం తయారైంది. 2025 చివరలో వలయ రహదారి పరిసరాల 27 పురపాలికలను మహానగరంలో కలిపారు. బడంగ్‌పేట, మీర్‌పేట, జల్‌పల్లి అందులోనివే. సంతోషం. అయితే 2007లో 12 పురపాలికలను కలిపినపుడు ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం కూడా కలిశాయి. పదమూడేళ్ల తరువాత మునిగిన వీధులు వాటిలోనివే. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన నాలా వెడల్పు కాదు.

సరూర్‌నగర్‌కు నైరుతి దిక్కున, బాలాపూర్ వైపు, ఇదే కథ మరింత దారుణంగా నడిచింది. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ మునిగింది. బుర్హాన్‌ఖాన్ చెరువు నీటిలో ఉస్మాన్‌నగర్ ఇళ్లు నెలల తరబడి నిలిచాయి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించింది. వెనువెంటనే, శిఖం భూమిలో కట్టుకుంటే మునగరా అనే నింద కూడా వచ్చింది. ఆ స్థలాలకు రిజిస్ట్రేషన్ చేసినది ఎవరు? కరెంటు మీటరు బిగించినది ఎవరు? ఇంటిపన్ను రసీదు ఇచ్చినది ఎవరు? 2024లో హైడ్రా ఏర్పడిన తరువాత చెరువుల పరిరక్షణ అనగానే పేదవానికి బుల్డోజరు చప్పుడే వినిపిస్తున్నది. (మనలోనూ శిఖం ప్లాట్లు అమ్ముకుని హాజీ సాహెబ్ అనిపించుకున్నవారు ఉన్నారు, వారి పేర్లు బస్తీలో అందరికీ తెలుసు.) కొన్నవాడు ఇల్లు కోల్పోతే, అమ్మినవాడు, అనుమతించినవాడు సుఖంగా ఉండడమే మా ఆక్షేపణ.

ఈ నేలకు ఈ విద్య కొత్త కాదు. గొలుసుకట్టు చెరువుల కాలంలో ప్రతి ఊరికీ ఒక నీరటికాడు ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో చూసే బాధ్యత అతనిది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఆయన నగరంలోని వరదకు పరిష్కారాన్ని నగరం వెలుపల, ఎగువన చూపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. స్పెయిన్‌లోని వలెన్సియాలో ముస్లిం పాలన నాటి నుండి వస్తున్నదని చెప్పే నీటి న్యాయస్థానం నేటికీ ప్రతి గురువారం చర్చి ద్వారం ముందు కూర్చుంటున్నది. కాలువల రైతులు ఎన్నుకున్న ప్రతినిధులే న్యాయమూర్తులు. తగవు నోటి మాటగానే విని అక్కడికక్కడే తీర్పు చెబుతారు. ఫైలు లేదు!

దిగువవారి పట్ల మన బాధ్యత కూడా చెప్పుకోవాలి. నల్లగొండ జిల్లా అక్కంపల్లి నుండి వచ్చే కృష్ణా నీరు తాగుతున్నాము. మన మురుగును మూసీలో కలిపి అదే నల్లగొండకు పంపుతున్నాము. అది వాడపల్లి వద్ద మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది. ఎగువవారి నిర్లక్ష్యాన్ని నిలదీసే మనం అక్కడి రైతు ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడతాము?

కనుక మేము కోరేది ఇది. బడంగ్‌పేట నుండి మూసీ వరకు ఉన్న చెరువులన్నిటికీ ఒకే నీటి సంఘం ఉండాలి. నీటిపారుదల, పురపాలక, జలమండలి, రెవెన్యూ ఇంజనీర్లు, అధికారులు వానాకాలమంతా వారానికొకసారి ఒకే బల్ల చుట్టూ, ప్రజల ఎదుట కూర్చోవాలి. మునిగే బస్తీల ప్రతినిధులకు, స్త్రీలతో సహా, అందులో ఓటు ఉండాలి. ఎగువన నీరు వదిలే ముందు దిగువ మసీదు, గుడి, చర్చి మైకులన్నిటికీ కబురు అందాలి. ప్రత్యామ్నాయ ఇల్లు చూపకుండా ఏ ఇంటినీ కూల్చరాదు.

వరద వచ్చిన రోజున మన యువకులు బిర్యానీ పొట్లాలు మోయడంలో ఎవరికీ తీసిపోలేదు. ఈసారి రోహిణి కార్తె వెళ్లకముందే రావాలి. సరూర్‌నగర్ కట్ట నుండి మీర్‌పేట పెద్ద చెరువు వరకు నాలా వెంట నడిచి, ఎక్కడ పూడిందో, ఎక్కడ ఇరుకైందో రాసుకుందాము. పాత పటాలు మా దగ్గర ఉన్నాయి. కాగితాలు రాసే పని మాకు వదిలిపెట్టండి.