మన బిల్లు దగ్గరే బండి ఎందుకు ఆగుతది?

2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడ్డది. ఖర్చుల బిల్లు మీద రిపబ్లికన్లకు, డెమొక్రాట్లకు పొత్తు కుదరలేదు. ఉద్యోగులకు జీతాలు ఆగినయి. నవంబరు వచ్చేసరికి తిండి కూపన్ల మీద బతికే నాలుగు కోట్ల పైచిలుకు పేదల సాయం అటో ఇటో అయింది. మన పత్రికలు దీనికి 'ప్రతిష్టంభన' అని పెద్ద పేరు పెట్టి రాసినయి. రెండు ఎడ్లు చెరో దిక్కు గుంజుతున్నయి, బండి ఆగింది, ఎవరేం చేస్తరు అన్నట్టు రాసినయి.

మేం ఈ మాటను నమ్మం. ఎందుకంటే ఆ ఎడ్లే, ఆ బండే, దొర ధాన్యం ఎక్కించినప్పుడు తిన్నగ పోతయి. అదే ఏడాది జూలై 4న అదే దేశంలో ఒక పెద్ద చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టిండు. ఉన్నోళ్లకు పన్నులు తగ్గించేది, పేదల వైద్యానికి, తిండి కూపన్లకు కోత పెట్టేది ఆ చట్టం. సెనేట్లో ఓట్లు 50–50 వచ్చినయి. ఉపాధ్యక్షుడు తన ఓటు వేసి గట్టెక్కించిండు. అక్కడ సెనేట్లో ఉండేది నూరుమంది. మామూలు బిల్లు మీద చర్చ ముగించి ఓటుకు పెట్టాలంటే 60 మంది ఒప్పుకోవాలె. పన్నులు, బడ్జెట్ లెక్కల బిల్లుకైతే వేరే దారి ఉన్నది, సగం కంటె ఒక్కటి ఎక్కువుంటె చాలు. మరి నల్లవాళ్ల ఓటుహక్కును కాపాడే బిల్లు 2022 జనవరిలో వచ్చినప్పుడు? 60 కావాలన్నరు. రాలేదు. ఆ ఒక్క బిల్లు కోసం రూలు మార్చుదామంటె 48–52తో ఓడగొట్టిండ్రు. రూలు ఒకటే పుస్తకంలో ఉంటది. ఎవరి బిల్లుకు ఏ పేజీ తెరవాలో వాళ్లకు ఎరుక.

ఆ రూలు వెనక పాత కథ ఉన్నది. నల్లవాళ్లను గుంపులు గుంపులుగ పట్టి చెట్లకు ఉరివేసి చంపే దుర్మార్గానికి శిక్ష వేయాలని 1900లో అమెరికా సభలో ఉన్న ఒకే ఒక్క నల్ల సభ్యుడు జార్జ్ హెన్రీ వైట్ బిల్లు పెట్టిండు. పోయింది. 1922లో దిగువ సభ అట్లాంటి బిల్లునే పాస్ చేసింది. సెనేట్లో దక్షిణాది సభ్యులు మాట్లాడుడు ఆపకుండ దాన్ని చంపిండ్రు. అవును, ఉత్తగ మాట్లాడుతనే ఉండి. 1957లో పౌరహక్కుల బిల్లు మీద స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటర్ ఒక్కడే 24 గంటల 18 నిమిషాలు మాట్లాడిండు. అట్ల రెండు వందల దాక బిల్లులు వచ్చినయి, పోయినయి. చివరికి 2022 మార్చి 29న చట్టం అయింది. దానికి ఎమెట్ టిల్ పేరు పెట్టిండ్రు. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపిన 14 ఏండ్ల పిలగాడు వాడు. బతికి ఉంటె చట్టం వచ్చిననాడు 80 ఏండ్లు నిండేటివి. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇగ మన ఇంటికి వద్దాం. సభలో బిల్లును నానబెట్టి చంపుడు ఎట్లుంటదో మొదట చూసినోడు బాబాసాహెబే. హిందూ కోడ్ బిల్లులో ఆడవాళ్లకు ఆస్తి, విడాకుల హక్కు పెడితే పార్లమెంటు ఏండ్లకేండ్లు చర్చ చేసింది. 1951 సెప్టెంబరులో నాలుగు క్లాజులు పాసయినంక బిల్లును పక్కకు పెట్టిండ్రు. అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా ఇచ్చిండు. అప్పుడు సభలో కాంగ్రెసుకు ఎదురులేదు. అంటే రెండు పార్టీలు కొట్లాడుకుంటెనే బిల్లు ఆగుతదనే మాట ఆనాడే అబద్ధమయింది.

2012ను తీసుకోండి. ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ కోసం 117వ రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చిండ్రు. సెప్టెంబరు 5న రాజ్యసభలో సభ్యులు ఒకరినొకరు తోసుకున్నరు. డిసెంబరు 17న 206–10తో రాజ్యసభ పాస్ చేసింది. రెండు రోజులకు లోక్‌సభలో ఒక సభ్యుడు మంత్రి చేతిలోని కాగితాలే గుంజుకున్నడు. అంతే. ఆ లోక్‌సభ గడువు 2014లో తీరింది, బిల్లు మురిగిపోయింది. ఆరేండ్లు తిరిగేసరికి 2019 జనవరి 8న అగ్రవర్ణ పేదలకు పది శాతం బిల్లు లోక్‌సభలో పెట్టిండ్రు. ఆనాడే 323–3తో పాస్. ఆ ముగ్గురిలో ఒకరు మన హైదరాబాదు సభ్యుడు. మర్నాడు రాజ్యసభ. 12న రాష్ట్రపతి సంతకం. కాగితాలు గుంజుకున్నోళ్లు ఎటుపోయిండ్రు? కమిషన్ ఏది? లెక్కలు ఏవి? దాదాపు అన్ని పెద్ద పార్టీలు ఒక్క గొంతుతో మాట్లాడిన ఆ రెండు రోజులను మనం మర్చిపోకూడదు. కలిసి పనిచేయ చేతగాక కాదు, మన పని అయితె చేయబుద్ధి కాక.

అన్నిటికంటె ఎక్కువ దూరం నడిచింది వర్గీకరణ బిల్లు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగింది. మోగించినోళ్ల ముందువరసలో మన వరంగల్ బిడ్డ మంద కృష్ణ ఉన్నడు. కాశిబుగ్గ, ఎనుమాముల దిక్కు వాడల్లో ఆ దప్పు చప్పుడు విన్నోళ్లం మనలో చాలామందిమి ఉన్నం. 1996లో జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ వేసిండ్రు. 1997 జూన్‌లో ఏ, బీ, సీ, డీ అని 15 శాతాన్ని 1, 7, 6, 1గా పంచుతూ జీవో వచ్చింది. అప్పుడు ఇంటర్ చదివే మాదిగ పిల్లలు ఇగ మన వాటా మనకొస్తదనుకున్నరు. జాతీయ కమిషన్‌ను అడగలేదని హైకోర్టు ఆ ఏడాదే కొట్టేసింది. 1999లో ఆర్డినెన్సు, 2000లో చట్టం. హైకోర్టు నిలబెట్టింది. నాలుగేండ్లు నడిచింది. మాదిగ, రెల్లి ఇండ్లల్లో మొదటి టీచరు, మొదటి డాక్టరు సీటు వచ్చిన కాలం అది. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదన్నది. ఎస్సీల జాబితాను ముట్టుకునే అధికారం రాష్ట్రానికి లేదన్నది.

ఆ దినం నుంచి ఇరవై ఏండ్లు బండి ఆగింది. ఎవరెవరి కొట్లాట వల్ల ఆగిందో చెప్పమనండి. 2004 నుంచి 2014 దాక హైదరాబాదులో కాంగ్రెసే, ఢిల్లీలో కాంగ్రెసు పెద్దరికమే. అసెంబ్లీ ఏకగ్రీవంగ తీర్మానం చేసింది. ఉషా మెహ్రా కమిషన్ 2008లో రాజ్యాంగ సవరణ చేయుండ్రి అని రిపోర్టు ఇచ్చింది. అది బీరువాలకు పోయింది. 2014 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ మళ్ల ఏకగ్రీవ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. అక్కడ బీజేపీకి సొంత మెజారిటీ ఉన్నది. ప్రధాని 2023 నవంబరు 11న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్ల మాట ఇచ్చిండు, కమిటీ వేస్తమని. ప్రతి పార్టీ సరే అన్నదే. ఏ పార్టీ వద్దనలేదు. మూడింట రెండు వంతుల ఓట్లు రావేమో అని మాత్రం ప్రతి ఒక్కరు బుగులుపడ్డరు. 2019 జనవరిలో ఆ బుగులు ఎవరికీ లేదు.

ఇంకో మాట చెప్తే కడుపు మండుతది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీలు 6–1తో రాష్ట్రాలే వర్గీకరణ చేసుకోవచ్చన్నరు. సవరణ అసలు అక్కరలేకపాయె! రాజ్యాంగ సవరణ కావాలె, అది కష్టం అని ఇరవై ఏండ్లు మనకు చెప్పిన అడ్డంకి ఒక తీర్పుతో పోయేదే. ఈలోపు 2004ల డిగ్రీ పట్టా పట్టుకున్న పిల్లకు నలభై దాటినయి. ఆమె కూలికో, ప్రైవేటు బడికో పోయింది. ఆమె బిడ్డ ఇప్పుడు గ్రూప్ లెక్కల్లో అప్లికేషన్ నింపుతున్నది.

తెలంగాణలో జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ రిపోర్టు మీద 2025 మార్చి 18న అసెంబ్లీ చట్టం చేసింది. ఏప్రిల్ 14 నుంచి అమలు. 59 కులాలు మూడు గ్రూపులు: 1, 9, 5 శాతం. మాల అన్నదమ్ములు కొందరు ఇది మనల్ని చీల్చుడే అన్నరు. వాళ్ల భయాన్ని మేం కొట్టిపారెయ్యం. పదిహేను శాతం రొట్టెను పంచుకునుడు మీద మనల్ని కొట్లాడబెట్టి, మిగతా దాని మీద చూపు పడకుండ చేసినోళ్లు ఉన్నరు. అయితె ఇంట్ల చిన్నోనికి పళ్లెం పెట్టకుండ ఇల్లు ఒకటే అంటె కుదరదు. సంచార కులాల పిల్లలకు ఒక్క శాతం కూడ చేతికి రాని రోజులు చూసినం. వాటా పంచుకున్నంకనే ఐక్యత గట్టిపడతదని మా నమ్మకం.

అదే మార్చిలో అదే అసెంబ్లీ బీసీలకు 42 శాతం బిల్లులు కూడ ఏకగ్రీవంగ పాస్ చేసింది. అవి రాష్ట్రపతి దగ్గరికి పోయినయి. సెప్టెంబరులో జీవో తెస్తే అక్టోబరు 9న హైకోర్టు ఆపింది, 50 శాతం గీత దాటింది అని. పది శాతం అగ్రవర్ణాలకు ఆ గీత అడ్డం రాదని 2022 నవంబరులో సుప్రీంకోర్టే అన్నది కద! అక్టోబరు 18న బీసీ సంఘాలు బంద్ పిలిస్తె కాంగ్రెస్, బీఆర్ఎస్, బీజేపీ మూడూ జెండాలు పట్టుకొని రోడ్ల మీదికి వచ్చినయి. బంద్ ఎవరి మీద? అడిగితె ఎవరి వేలు వాళ్లు ఎదుటోని దిక్కు చూపిండ్రు. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత లెక్కతోనే అయిపోయినయి. బీసీ సోదరులు ఇరవై ఏండ్ల మన నడకను చూసి దారి నేర్చుకోవాలె.

మన పని కూడ అయిపోలేదు. రాష్ట్ర చట్టం రాష్ట్ర కొలువులకు, రాష్ట్ర సీట్లకే. కాజీపేట రైల్వే కొలువుకు, వరంగల్ నిట్ సీటుకు, బ్యాంకుకు అది పనిచేయదు. కేంద్రంలో వర్గీకరణ ఢిల్లీ చేతిలోనే ఉన్నది. ప్రమోషన్ల బిల్లు ఏమయిందో అడిగినోడు లేడు. ఎంపీ మీ ఊరికి వచ్చినప్పుడు దండ వేసే ముందు ఈ రెండు ముక్కలు అడుగుండ్రి. ఎదుటి పార్టీ అడ్డం పడుతున్నదంటె, 2019 జనవరి 8న ఎవరు అడ్డం పడ్డరో చెప్పమనండి.

కార్యకర్తలకు ఒక పని. ప్రతి వాడల 2004 నవంబరుకు, 2024 ఆగస్టుకు నడుమ వయసు దాటి కొలువు పోగొట్టుకున్న మనోళ్లు ఎంతమంది ఉన్నరో ఇంటింటికి తిరిగి రాయండి. చదువు, రాసిన పరీక్ష, ఎన్ని మార్కులతో తప్పిందో రాయండి. పేర్లు మీ దగ్గరే ఉంచుకోండి, లెక్క మాకు పంపండి. వచ్చే సంచికలో వాడవారీగ ఆ లెక్క వేస్తం.