నిరోధం తగ్గితే ముప్పు పెరుగుతుంది

ప్రాణం లేని వస్తువుకు కూడా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు తెలియకో, తెలిసీ లెక్కచేయకో దాన్ని దాటించినవాడు ఆ ఫలితాన్ని తన ఒంటి మీదే అనుభవించవలసి వస్తుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల విషయంలో నేడు జరుగుతున్నది సరిగ్గా ఇదే.

మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, అదే ఏడాది డిసెంబరులో చట్టం ద్వారా వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు నిషేధించబడ్డాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనల విషయంలో మొదటిసారి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నిషేధించిన వస్తువు గురించి మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. మన పిల్లలు చదువుల కోసం అమెరికా, బ్రిటన్ వెళుతున్నారు. ఉపాధి కోసం దుబాయి వెళుతున్నారు. అక్కడ ఇవి దుకాణాల్లో బాహాటంగా దొరుకుతాయి. నికోటిన్ చేసే హాని గురించి ఎందరో చెప్పారు. అంతగా ఎవరూ చెప్పని మరో ప్రమాదం గురించి ఈ వారం మనం ఆలోచిద్దాం. అది బ్యాటరీ.

ఈ పరికరంలో ముఖ్యమైన భాగాలు రెండు. ఒకటి బ్యాటరీ, రెండోది ఆటమైజర్. ఆటమైజర్‌లో సన్నని తీగ చుట్ట ఉంటుంది. కరెంటు పారగానే తీగ వేడెక్కి, దూదిలోని ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. పాత పరికరాల్లో ఈ తీగ నిరోధం ఒకటిన్నర ఓమ్‌లు, అంతకు మించి ఉండేది. దట్టమైన పొగ కావాలన్న మోజు పెరిగిన కొద్దీ అది అర ఓమ్‌కు, ఇంకా కిందికి దిగింది.

పాఠశాలలో చదువుకున్న ఓమ్ నియమాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. నిరోధం తగ్గిన కొద్దీ కరెంటు పెరుగుతుంది. పూర్తిగా చార్జి అయిన లిథియం బ్యాటరీ వోల్టేజీ 4.2. సర్క్యూటు లేని సాదా పరికరంలో ఒకటిన్నర ఓమ్‌ల తీగ 2.8 ఆంపియర్లు లాగితే, అర ఓమ్ తీగ 8.4 ఆంపియర్లు లాగుతుంది. 0.2 ఓమ్ తీగ ఏకంగా 21 ఆంపియర్లు లాగుతుంది. 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీని తీసుకుని, సగటు వోల్టేజీ 3.6గా లెక్క వేస్తే, మొదటి తీగతో అది గంటసేపు మండుతుంది. రెండో తీగతో ఇరవై నిమిషాలు, మూడో తీగతో ఎనిమిది నిమిషాలు మాత్రమే వస్తుంది. ఆచరణలో అంత కూడా రాదు. భారం ఎక్కువైనప్పుడు వోల్టేజీ జారిపోతుంది, శక్తిలో కొంత బ్యాటరీ లోపలే వేడిగా మారుతుంది. ఆ వేడికి బ్యాటరీ ఆయువు కూడా తరిగిపోతుంది.

సర్క్యూటు ఉన్న పరికరం కొంత నయం. షార్టు అయితే అది కరెంటును ఆపివేస్తుంది. అయితే అక్కడ కూడా హద్దు హద్దే. ఒకే బ్యాటరీ మీద 80 వాట్లు పెట్టుకుంటే, వోల్టేజీ 3.2కు దిగేసరికి ఆ బ్యాటరీ 25 ఆంపియర్లు ఇవ్వవలసి వస్తుంది. అంటే ఖాళీ అవుతున్న కొద్దీ దాని మీద భారం పెరుగుతుందన్న మాట!

బ్యాటరీలలో అన్నీ ఒకటి కావు. ఎక్కువ చార్జి నిలువ చేసేది సాధారణంగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. ఎక్కువ కరెంటు ఇచ్చేది అంత చార్జి నిలువ చేయలేదు. ఇక్కడే వ్యాపారుల దగా మొదలవుతుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 రకం బ్యాటరీ సామర్థ్యం మహా అయితే 3500 దరిదాపుల్లో ఉంటుంది. 9900 అని అచ్చువేసిన తొడుగులతో వాటిని అమ్మేవారున్నారు. తూకంలో దగా చేస్తే కొన్నవాడి డబ్బు పోతుంది. ఈ దగాలో ప్రాణమే పోవచ్చు.

ఇవి ఊహాజనితమైన భయాలు కావు. 2009 నుంచి 2016 వరకు ఎలక్ట్రానిక్ సిగరెట్లు పేలిన, అంటుకున్న సంఘటనలు 195 పత్రికలకెక్కాయని, 133 మంది గాయపడ్డారని అమెరికా అగ్నిమాపక విభాగం 2017లో వెల్లడించింది. 2018 మేలో ఫ్లోరిడాలో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్‌లో మరొకరు పరికరం పేలి మరణించారు. విడి 18650 బ్యాటరీలను కొనవద్దని, వాడవద్దని అక్కడి వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 2021లో హెచ్చరించింది. అవి రక్షణ వలయం ఉన్న పెద్ద ప్యాకుల్లో అమర్చేందుకు తయారైనవి. వాటి లోహపు ఒళ్లంతా ఋణ ధ్రువమే. దానిపై ఉన్నది పలుచని ప్లాస్టిక్ పొర. అది చిరిగితే జేబులోని చిల్లర, తాళం చెవులే షార్టు చేస్తాయి.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. దూరదేశంలో ఉన్న బిడ్డతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా మాట్లాడండి. కోప్పడి కాదు, లెక్క చెప్పి మాట్లాడండి. దీన్ని మానడమే మేలు. వెంటనే మానలేనివాడి ప్రాణం కూడా మనకు విలువైనదే. కనుక చిరిగిన తొడుగున్న బ్యాటరీని పక్కన పెట్టమనండి, విడి బ్యాటరీని జేబులో వేసుకోవద్దనండి, తయారీదారు చెప్పిన ఆంపియర్లు దాటవద్దనండి. మన ఇంట్లోని టార్చిలైటులో ఉన్నది ఇదే రకం బ్యాటరీ అయితే దానికీ ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి.

పొగ ఎంత దట్టంగా వచ్చిందని మురిసే యువకుడు, అందుకోసం తన చేతిలోని బ్యాటరీని ఎంత దూరం నెట్టాడో కూడా చూసుకోవాలి. పొగ క్షణంలో చెదిరిపోతుంది. కాలిన గాయం చెదిరిపోదు.